ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్... అక్కరకొస్తుందా?

పచ్చళ్లో, చీరలో, కుట్టుపనో... చేతిలో విద్య ఉన్న ఇల్లాలు ఇవాళ గడప దాటకుండానే వ్యాపారం చేస్తోంది. మంచిదే! ఆర్డర్లు పెరిగి, జి.ఎస్.టి. నంబరు తీసుకున్నాక బిల్లులకూ, లెక్కలకూ ఓ సాఫ్ట్‌వేర్ కావలసివస్తుంది. "ఊరికే వస్తుంటే డబ్బు తగలెయ్యడం ఎందుకు?" అంటారు ఇంట్లోవాళ్లు. "ఖరీదైనదే మంచిది" అంటాడు అమ్మేవాడు. మరి మీరేం చేయాలి?

కుక్కర్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తామా? గాస్కెట్, వెయిట్ మన ఊళ్లో దొరుకుతాయా, రిపేరు చేసేవాళ్లున్నారా అని కూడా వాకబు చేస్తాం కదూ! ఇదీ అంతే.

చిన్న లెక్క వేద్దాం. చౌకరకం వాడి నెలకు వెయ్యి చొప్పున ఏడాదికి 12 వేలు మిగిల్చారనుకోండి. సరిగ్గా దసరా ముందు అది మొరాయించి మూడు రోజులు బిల్లింగ్ ఆగింది. రోజుకు 4 వేల లాభం పోయినా, ఏడాది పొదుపంతా మూడు రోజుల్లో ఆవిరే! అదే, మీది రోజుకు నాలుగైదు బిల్లుల వ్యాపారమైతే పుస్తకంలో రాసుకుని గడిపేయొచ్చు. అలాంటప్పుడు ఖరీదైనది కొనడం దండగ.

ఉచితమైనవన్నీ నాసిరకం అనుకోకండి. గ్నూక్యాష్ వంటివి చట్టబద్ధంగానే ఉచితం. కాకపోతే అది మన జి.ఎస్.టి. కోసం తయారైనది కాదు, చిక్కొస్తే ఫోనెత్తే మనిషీ ఉండరు. మీ ఇంట్లో దాని సంగతి తెలిసినవాళ్లుంటే నిశ్చింతగా వాడుకోండి.

దొంగ కాపీ జోలికి మాత్రం వెళ్లొద్దు. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

పన్ను రేట్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం శ్లాబుల్లోని చాలా వస్తువులు 5, 18 శాతాల్లోకి మారాయి. అలాంటి రోజున కొత్త రేట్లు సరిచేసి ఇచ్చేవాళ్లు ఉండాలా, వద్దా? మనం కట్టే డబ్బులో సగం విలువ ఆ సేవకే.

కొనేముందు ఈ నాలుగూ అడగండి:

* మొదటి ఏడాది ధర సరే, రెండో ఏడాది నుంచి ఎంత?
* ఫోన్ చేస్తే తెలుగులో చెప్పేవాళ్లున్నారా? ఆదివారం పలుకుతారా? కొనకముందే ఒకసారి ఫోన్ చేసి చూడండి. డబ్బు ఇవ్వకముందే పలకనివాళ్లు, ఇచ్చాక పలుకుతారా?
* చందా ఆపేస్తే నా లెక్కలు నా చేతికొస్తాయా? ఏ రూపంలో?
* మా ఆడిటరు దాన్ని వాడగలరా?

మూడో ప్రశ్న మరీ ముఖ్యం. జి.ఎస్.టి. చట్టం ప్రకారం, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే ఆరేళ్లు, లెక్కలు భద్రపరచాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతబడిందంటే అధికారులు వినరు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, వారానికోసారి లెక్కల నకలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బీరువాలో నగల పక్కన దాచండి. అదీ మీ కష్టార్జితమే కదా!