ఆకుకందదు, పోకకు పొందదు

పోయిన నెల నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం బయల్దేరాం. నేనూ, మా చిన్నాన్న కొడుకూ. వాడూ హైదరాబాదులో కోడు రాసుకు బతికేవాడే. ఘాట్ ఎక్కుతుండగా మాటల్లో బయటపడింది... వీకెండ్ పార్టీల్లో 'మియావ్ మియావ్', అదే మెఫెడ్రోన్, రెండుసార్లు తీసుకున్నాడట. పైగా నాకే క్లాసు! "ఏం కాదన్నా, ఆకులోంచి వచ్చిందే. యెమెన్‌లో రోజూ నమల్తారు. మన కిళ్ళీ లాంటిది."

ఒళ్ళు మండింది. ఈ మాట మన ఐటీవాళ్ళ నోట వినడం ఇది మొదటిసారి కాదు మరి.

యెమెన్‌వాళ్ళు నమిలేది ఖాత్ ఆకు. అందులో ఉండేది కాథినోన్. గంటలకొద్దీ నమిలితే కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుంది. అదీ మంచిదని కాదు. కానీ మెఫెడ్రోన్ ఏ చెట్టుకీ కాయలేదు. 1929లోనే ల్యాబులో పుట్టింది. కాథినోన్‌కి రెండు మిథైల్ గుంపులు తగిలించిన సరుకు. కాథినోన్ అంటేనే ఆంఫెటమిన్‌కి ఒక ఆక్సిజన్ అతికించిన తమ్ముడు!

మెదడులో డోపమిన్, సెరటోనిన్‌లను వాడకం అయ్యాక కణంలోకి వెనక్కి లాక్కునే పంపులుంటాయి. ఇది ఆ పంపుల్ని రివర్సులో తిప్పుతుంది. ఉన్న నిల్వంతా ఒకేసారి బయటికి! రెండు మూడు గంటల్లో దిగిపోతుంది, ఇంకో డోసు కావాలంటుంది. అక్కడే ఉంది ఉచ్చు. డోసు మీద డోసు పడేకొద్దీ గుండె వేగం, బీపీ, ఒంటి వేడి పెరుగుతాయి. చచ్చిపోయినవాళ్ళున్నారు.

"కెమికల్ అంటే అంత భయమా అన్నా?" అన్నాడు. భయం కెమికల్ అంటే కాదురా. డాక్టర్లు డిప్రెషన్‌కి రాసే బుప్రోపియాన్‌దీ ఈ కుటుంబమే. దానికి కొలతుంది, అడిగేవాడున్నాడు. నీ పొట్లంలో ఏముందో, ఎంతుందో నీకు తెలుసా? టెస్ట్ చెయ్యని కోడు ప్రొడక్షన్‌లో పెట్టవు గానీ, టెస్ట్ చెయ్యని పొడి ముక్కులో పెడతావా?

2015 నుంచి ఇది మన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. 50 గ్రాములంటే వ్యాపార పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్ళ జైలు. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు చర్లపల్లి ఫ్యాక్టరీ మీద పడినప్పుడు మనమంతా ఎన్ని వేల కోట్లో అని నోళ్ళు తెరిచాం. అది ఒంట్లో ఏం చేస్తుందని ఎంతమందిమి అడిగాం?

సాక్షి గణపతి దగ్గర కారాపాను. ఒట్టేమీ వేయించుకోలేదు, ఒట్లమీద నాకు నమ్మకం లేదు. 14446 నంబరు వాడి ఫోన్లో ఎక్కించాను. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ నంబరు మాత్రం తీసెయ్యలేదు.

మీ క్యూబికల్ పక్కన కూడా ఒక తమ్ముడుంటాడు. కిళ్ళీ కథ చెప్తే నవ్వి ఊరుకోకండి.