పసుపు దీపం చెప్పే సాక్ష్యం

నెల్లూరు తీర మండలాలలో డీజిల్ కారు ఇప్పుడు విలాస వస్తువు కాదు. రొయ్యల చెరువులు చూసుకునేవారికి, కృష్ణపట్నం రేవులో కొలువు చేసేవారికి, ఇంటి పెద్దలను వైద్యానికి చెన్నై తీసుకువెళ్లేవారికి అది నిత్యావసరమైంది. అటువంటి ఇంట ఒకనాడు స్పీడోమీటరు పక్కన ఇంజను ఆకారంలో పసుపు దీపం వెలిగి ఆరకుండా నిలిచిందంటే, ఆ నెల ఖర్చుల లెక్క అంతా తలకిందులవుతుంది. ఈ మారు ఆ దీపాన్ని గురించే ముచ్చటించదలిచాము. కుటుంబ పత్రికలో ఇంజను ముచ్చటేమిటని కొందరు అనుకోవచ్చును. హలాల్ సంపాదన అక్కరలేని విడిభాగానికి ధారపోయడం, దోషమున్న వాహనాన్ని ఆ దోషం దాచి తోటివారికి అంటగట్టడం కుటుంబ విషయాలు కాకపోతే మరేమవుతాయి?

ముందుగా భయం సంగతి. ఎర్ర దీపం వేరు, పసుపు దీపం వేరు. ఇంజనాయిలు గుర్తు గాని, ఉష్ణోగ్రత గుర్తు గాని ఎర్రగా వెలిగితే బండిని వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపవలసిందే. ఇంకొక్క కిలోమీటరు పోదామన్న తొందరలో ఇంజనే పోవచ్చును. ఇంజను ఆకారపు పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, బండి లాగుడులో, పొగలో, శబ్దంలో మార్పు లేకుంటే నింపాదిగా ఇల్లు చేరవచ్చును. దీపం మిణుకుమంటున్నా, బండి బలం హఠాత్తుగా తగ్గినా, ఆపి మెకానిక్కును పిలవడమే మేలు.

ఆ దీపాన్ని వెలిగించేది కారులోని కంప్యూటరు. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే కంప్యూటరు రాసిపెట్టుకున్న కోడు బయటపడుతుంది. 'పి' అక్షరం, ఆపై నాలుగంకెలు. పి0401 అంటే ఈజీఆర్ వాల్వు గుండా పోవలసినంత పొగ పోవడం లేదని. పి0299 అంటే టర్బో ఇవ్వవలసిన పీడనం ఇవ్వడం లేదని. చిక్కంతా ఇక్కడే వస్తుంది. కోడు చూసిన మరుక్షణమే 'వాల్వు మార్చాలి, టర్బో మార్చాలి' అనే షాపులు లేకపోలేదు. కాని కోడు చెప్పినది లక్షణమే గాని రోగం కాదు. టర్బో పీడనం తగ్గడానికి చీలిన రబ్బరు గొట్టమొకటి చాలు. పొగ పోకపోవడానికి మసి పేరుకున్న దారి చాలు, ఊడిన కప్లర్ చాలు.

నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించకుండా నమ్మితే, తెలియక ఎవరికో హాని చేసి పిదప చింతించవలసి వస్తుందని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఆ ఆయత్ మనుషుల వ్యవహారాలను గురించినది, యంత్రాలను గురించినది కాదన్నది మాకు తెలుసు. అయినా విచారించిన తరువాతే చేయి కదపడమన్న స్వభావం ఒకచోట అలవడితే అన్నిచోట్లా పనికివస్తుంది.

మన తీరంలో ఆ విచారణ ఎక్కడ మొదలుపెట్టాలో సముద్రపు గాలే చెబుతుంది. మైపాడు, ఇస్కపల్లి వైపు గడప ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో చూసినవారికి వివరించనక్కరలేదు. ఆ ఉప్పు తేమే కప్లర్లలోని పిన్నులకు, ఎర్తు వైరు బిగింపుకు పచ్చని చిలుము పట్టిస్తుంది. కనుక బ్యాటరీ ఓల్టేజి, ఎర్తు వైరు, కప్లర్లు, గాలి గొట్టాలు చూసిన తరువాతే సెన్సారు మాట, ఆఖరున ఖరీదైన భాగం మాట. బ్యాటరీ బలహీనపడినా సంబంధం లేని కోడులు కొన్ని ఒకేసారి రావచ్చును. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీయించడం వానాకాలంలో మరువరాదు.

2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లకు మరొక బాధ ఉన్నది. వాటి సైలెన్సరు దారిలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. పట్టిన మసిని అది సుమారు 600 డిగ్రీల వేడిలో తనంతట తానే కాల్చుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంత దూరం సాగాలి. ఇంటి నుండి చెరువు గట్టుకు, గట్టు నుండి ఇంటికి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో మసి కాలదు, పేరుకుంటుంది. పి2463 అనే కోడు చెప్పేది అదే. కాల్చే ప్రయత్నం మాటిమాటికి మధ్యలో ఆగితే, అందుకోసం చల్లిన డీజిల్ కొంత ఇంజనాయిలులోకి దిగి, ఆయిలు మట్టం పెరగడం కూడా కద్దు. మసి మితిమీరకముందే, వారానికొకమారు జాతీయ రహదారి మీద కావలి వైపు పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే చాలా వరకు తీరే బాధ ఇది. బంధువుల ఇళ్లకు పోయే పనులు ఆ దారిన పెట్టుకుంటే డీజిలూ దండగ కాదు.

ఇంత చిన్న ఉపాయముండగా, ఆ వడపోతనే కోసి తీసివేసి, దీపం వెలగకుండా కంప్యూటరును మార్చే పని కూడా కొన్ని షాపులలో జరుగుతున్నది. మోటారు వాహనాల చట్టం దీనిని అంగీకరించదు. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లోనే నిర్ధారించింది. మన ఖర్చు తగ్గించుకుని ఆ మసిని పక్కింటి పసివాడి ఊపిరితిత్తులకు పంపడానికి ఏ ధర్మం ఒప్పుకుంటుంది?

అమ్మకం వేళ ఈ దీపం మరింత గట్టి పరీక్ష పెడుతుంది. స్కానరుతో కోడు చెరిపితే దీపం ఆరుతుంది, దోషం ఆరదు. కొద్ది రోజులకో, వందల కిలోమీటర్లకో అది తిరిగి వెలుగుతుంది. అప్పటికి బండి వేరొకరి వాకిట ఉంటుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకమారు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతుంది. వాన పడిందన్నాడు వర్తకుడు. జనులకు కనబడేటట్లు ఆ తడిని పైన ఎందుకుంచలేదని ఆయన అడిగారు. వాన వర్తకుని తప్పు కాదు, దాచడమే తప్పు. 2015, 2021 నవంబరు వరదలను చూసిన మన జిల్లాలో, నీట నానిన కారు కథ కూడా ఇటువంటిదే.

కొనేవారు మోసపోకుండా చూడదగిన గుర్తులు రెండున్నాయి. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందు చూస్తే ఈ పసుపు దీపం తప్పక వెలగాలి. స్టార్టు కాగానే ఆరాలి. అసలే వెలగకుంటే ఎవరో దాని నోరు నొక్కారని అనుమానించాలి. రెండవది, కోడులు చెరిపిన తరువాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లలో స్కానరు చూపుతుంది. ఆ అంకె పదో, పదిహేనో అయితే బేరం అక్కడ ఆపి, నిన్న ఏ కోడు చెరిపారో అడగండి. అమ్మేవారయితే, ఆ కోడు చెరపకుండానే బండి చూపించి, మరమ్మతుకు ఎంతవుతుందో కనుక్కుని, ఆ మేరకు ధర తగ్గించి చెప్పండి.