వెల్డింగ్ మిషన్ కన్నా ముందు రెండో హెల్మెట్ కొనండి

వేసవి సెలవులు దగ్గరపడితే మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఫౌండేషన్ కోచింగ్, అబాకస్, స్విమ్మింగ్ గురించి చర్చ మొదలవుతుంది. ఈసారి ఇద్దరు ముగ్గురు నాన్నలు ఇంకో ప్రశ్న వేశారు: ఇంట్లో వాడుకోవడానికి చిన్న మిగ్ వెల్డింగ్ మిషన్ ఏది మంచిది? యూట్యూబ్ వీడియోలు చూసి పిల్లలే అడిగిస్తున్నారట. నాకు సంతోషం వేసింది, కొంచెం భయమూ వేసింది. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చేసేవాణ్ణి. ఉప్పుగాలికి ఏరేటర్ల ఫ్రేములు, గేట్లు తుప్పు తిని విరుగుతుంటే విసిగి, మూడేళ్ల క్రితం నేనూ ఒక మిషన్ కొన్నాను. కొనేటప్పుడు ఒక తప్పు, వాడేటప్పుడు అంతకన్నా పెద్ద తప్పు చేశాను.

మిగ్ అంటే చుట్టలోని సన్నని వైరు దానంతటదే గన్ గుండా వచ్చి కరిగి అతుక్కునే పద్ధతి. కరిగిన ఇనుముకు గాలి తగలకుండా చుట్టూ గ్యాస్ కాపు కాస్తుంది. షెడ్డులో అయితే ఇది బ్రహ్మాండం. మన తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మాత్రం ఆ గ్యాస్ నిలవదు, అతుకంతా స్పాంజిలా బొక్కలు పడుతుంది. నేను సిలిండరుతో సహా కొని, వారం రోజులు మిషన్‌నే తిట్టుకున్నాను. ఆరుబయట పని చేసేవాళ్లు గ్యాస్ అవసరం లేని ఫ్లక్స్ కోర్ వైరు కూడా నడిచే మిషన్ తీసుకోవాలి. ఆ వైరు వేసినప్పుడు గన్ నెగటివ్‌కు, గ్యాస్‌తో మామూలు వైరు వేసినప్పుడు పాజిటివ్‌కు ఉండాలి. ఇలా మార్చుకునే వీలుందో లేదో షాపులోనే అడగండి.

మిగతా విషయాలు చిన్నవే. గేట్లు, స్టాండ్లకు సింగిల్ ఫేజ్ మీద నడిచే 150 నుంచి 200 ఆంప్స్ మిషన్, 0.8 మి.మీ. వైరు చాలు. దాన్ని ఇంట్లోని 16 ఆంప్స్ ప్లగ్గుకు తగిలించకుండా, ఎలక్ట్రీషియన్‌తో వేరే లైను, ఎంసీబీ, ఎర్తింగ్ పెట్టించండి. పెట్టె మీద డ్యూటీ సైకిల్ 60 శాతం అని ఉంటే, ఆ కరెంటు మీద పది నిమిషాల్లో ఆరు నిమిషాలే వెల్డింగ్, నాలుగు విశ్రాంతి. రోహిణి కార్తెలో మనకున్నంత విశ్రాంతి దానికీ కావాలి! పని అయ్యాక వైరు చుట్ట తీసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టకపోతే, వానాకాలం దాటేసరికి అదీ తుప్పే.

ఇక అసలు సంగతి. నేను కొన్నది ఒక్క హెల్మెట్. అప్పుడు మావాడు ఆరో తరగతి. "చూడబాక అబ్బయ్యా" అని చెప్పి నా పనిలో పడ్డాను. వాడు కూలింగ్ గ్లాసులు పెట్టుకుని పక్కనే నిలబడి చూశాడు. సాయంత్రం దాకా ఏమీ లేదు. అర్ధరాత్రి లేచి, కళ్లల్లో ఇసుక పోసినట్టుందని ఏడుపు. వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకు కంటి పైపొర కమిలిందని, ఈ నొప్పి కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుందని డాక్టరు చెప్పారు. రెండు రోజుల్లో తగ్గింది. ఆ రెండు రోజులూ ఇంట్లో నా మొహం నాకే చెల్లలేదు. మా వెల్డింగ్ మేస్త్రీ మాత్రం సూటిగా అన్నాడు: "చూడబాకంటే ఏ బిడ్డ ఊరుకుంటాడన్నా? చూసేదానికి అద్దం నువ్వే ఇయ్యాల."

అందుకే నా అభిప్రాయం ఇది. పిల్లలను తరిమేయకండి, ఒట్టి కళ్లతోనూ నిలబెట్టకండి. షేడ్ 10 లేదా 11 అద్దం ఉన్న రెండో హెల్మెట్ కొనలేని బడ్జెట్ అయితే, మిషన్ కొనడం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. కాటన్ ఫుల్ చేతుల చొక్కా, తోలు గ్లవుజులు, బూట్లు కూడా ఆ లెక్కలోవే. జీఐ పైపు మీది జింకు పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఖాళీ డీజిల్ డ్రమ్ము జోలికి మాత్రం పెద్దవాళ్లు కూడా పోకూడదు, లోపల మిగిలిన ఆవిరికే పేలుతుంది.

తొమ్మిదో తరగతికి ముందు గన్ చేతికివ్వడం నాకు ఇష్టం లేదు. అప్పటిదాకా కొలతలు తీయడం, గీత గీయడం, హెల్మెట్‌లోంచి చూడడం చాలు. చెవికి కూడా పని ఉంది. వైరు వేగం, వోల్టేజీ కుదిరితే నూనెలో వడియాలు వేగిన చప్పుడు వస్తుంది. వేగం ఎక్కువైతే వైరు గన్‌ను వెనక్కి నెడుతుంది, తక్కువైతే కొనకే అతుక్కుపోతుంది. వైరు వేగం పెంచితే కరెంటు ఎందుకు పెరుగుతుందని మావాడు నన్ను అడిగాడు. నాకు తెలియక, ఫిజిక్స్ సార్‌ను అడగమన్నాను.

ఇప్పుడు వాడు తొమ్మిది. మొన్న సంక్రాంతి సెలవుల్లో వాళ్లమ్మకు పూలకుండీల స్టాండు చేసిచ్చాడు. ఒక కాలు పొట్టి, దానికింద పెంకు ముక్క పెట్టాం.