బలపం వెనుక ఊపిరి

మనలో చాలామందిమి పలక మీద బలపంతో అక్షరాలు దిద్దినవాళ్ళమే. ఆ బలపాలు కోసే మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ కార్మికులను 593 మందిని పరీక్షిస్తే, సగానికి పైగా సిలికోసిస్ బయటపడిందని 1985లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. రాతిపొడిలోని సూక్ష్మమైన సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లో చేరి, మెత్తని కణజాలాన్ని గట్టి మచ్చలుగా మార్చేస్తాయి. పని మానేసినా వ్యాధి ముదురుతూనే ఉండవచ్చు. నయం చేసే మందు లేదు.

సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా సోకుతుంది. అందువల్లనే దగ్గూ ఆయాసమూ చూసి క్షయ అని మాత్రమే రాసి పంపేయడం తరచు జరుగుతోంది. నా అభ్యంతరం ఇక్కడే. క్షయ అంటే తప్పు సూక్ష్మజీవిది. సిలికోసిస్ అంటే యజమాని జవాబుదారీ, పరిహారమూ చర్చకు వస్తాయి. కోతచోట నీళ్ళు పారించడం, ధూళిని లాగేసే యంత్రం అమర్చడం కొత్త విద్యలేమీ కావు. కనుక వైద్యుడు మందుచీటీ రాసేముందు, "మీరేం పని చేస్తారు?" అని అడగడం మర్యాద కాదు, బాధ్యత.