యాజమాన్యం తేలింది.. అడవి మాటేమిటి?

హైదరాబాద్ పశ్చిమాన ఐటీ సౌధాల నడుమ మిగిలిన పచ్చని నేలల్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు ఒకటి. 2025 మార్చి 30న, ఉగాది నాడు, యంత్రాలు అక్కడికి చేరాయి. పక్కనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు స్వయంగా జోక్యం చేసుకొని చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల పచ్చదనం నేలకూలింది.

ప్రభుత్వ వాదనకూ ఆధారం ఉంది. 2003లో ఒక ప్రైవేటు సంస్థకు జరిగిన ఈ భూమి కేటాయింపును 2006లో రద్దు చేశారు. దానిపై సాగిన న్యాయపోరాటం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. రికార్డుల్లో ఇది ఎన్నడూ అటవీ భూమి కాదని, ఐటీ అభివృద్ధితో పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెబుతోంది.

అయితే భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న. దానిపై ఉన్నది అడవా కాదా అన్నది వేరొక ప్రశ్న. యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని గోదావర్మన్ కేసులో 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2023 నాటి చట్టసవరణ ఆ పరిధిని కుదించగా, అడవుల గుర్తింపు పూర్తయ్యేవరకు పాత నిర్వచనాన్నే పాటించాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఇందుకు నెలలోగా నిపుణుల కమిటీలు వేయాలని 2025 మార్చి 4న రాష్ట్రాలకు సూచించింది. తెలంగాణ మార్చి 15న కమిటీని నియమించింది. అది తన పని పూర్తి చేయకముందే యంత్రాలు కదిలాయి. అంత తొందర ఎందుకని న్యాయస్థానం నిలదీసింది ఇందుకే.

జాబితాకెక్కినంత మాత్రాన అడవికి పూర్తి రక్షణ లభించదని ఢిల్లీ అనుభవం చెబుతోంది. అక్కడి రిడ్జ్ అడవిలో సుమారు 7,777 హెక్టార్లకు 1994లో ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడింది. తుది నోటిఫికేషన్ దశాబ్దాల తరబడి సాగింది. ఈలోగా ఆక్రమణలు పాతుకుపోయాయి.

కోర్టు ఉత్తర్వు నరికివేతను ఆపగలదు గానీ కూలిన చెట్టును నిలబెట్టలేదు. బదులుగా నాటే మొక్కలు రాతిగుట్టలు, పొదలు, నీటి మడుగులు కలిసిన సహజ ఆవాసాన్ని వెంటనే తిరిగి ఇవ్వలేవు. కాబట్టి పట్టణాల్లో ప్రభుత్వ భూమిని వేలానికి పెట్టే ముందే క్షేత్రస్థాయి సర్వే జరగాలి, దాని ఫలితాలు ప్రజల ముందుండాలి. భూమి విలువను ఎప్పుడైనా లెక్కగట్టవచ్చు. అడవిని మాత్రం అది ఉండగానే గుర్తించాలి.