ఒకే ప్రజాతి, రెండు తలరాతలు: ఎర్రచందనానికి ఉన్న కాపలా వేగిసకు ఏదీ?

లిలువా: హావ్‌డా నగరంలో లిలువాకు దక్షిణాన, హుగ్లీ ఒడ్డున ఉన్న శిబ్‌పూర్ వృక్షోద్యానం 1787లో ఏర్పడింది. 1793లో దాని బాధ్యతలు చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్, అంతకుముందు సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించారు. వేగిసకు టెరోకార్పస్ మార్సూపియం అనే శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. దాని దగ్గరి బంధువు ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలినస్. రెండూ తెలుగు అడవుల చెట్లే అయినా రక్షణలో మాత్రం ఎంతో అంతరం ఉంది.

వర్గీకరణ ప్రకారం రెండూ చిక్కుడు కుటుంబానికి చెందినవే. రెండింటికీ పసుపు పూలు, అంచున రెక్క ఉన్న గుండ్రటి కాయలు ఉంటాయి. ఎర్రచందనం ఆకులో సాధారణంగా మూడు పత్రకాలుంటే, వేగిసలో ఐదు నుంచి ఏడు వరకు ఉంటాయి. పేరులో చందనం ఉన్నా, శ్రీగంధంతో ఎర్రచందనానికి కుటుంబ సంబంధం లేదు.

ఆవాసంలోనే అసలు తేడా. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, పాలకొండలు, వెలిగొండల వంటి దక్షిణ తూర్పు కనుమల పొడి రాతి నేలల్లోనే. వేగిస మాత్రం దేశంలోని అనేక ఆకురాల్చే అడవులతో పాటు నేపాల్, శ్రీలంకల్లోనూ కనిపిస్తుంది.

ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం ‘సైటీస్’ రెండో అనుబంధంలో ఉంది. ఐయూసీఎన్ 2018లో దాన్ని ముప్పు అంచున ఉన్న జాతిగా పేర్కొన్నా, తర్వాతి మదింపులో మళ్లీ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. వేగిస ఇప్పుడు ఆ ‘ముప్పు అంచు’ వర్గంలోనే ఉంది. 2022లో ఈ ప్రజాతికి చెందిన ఆఫ్రికా చెట్లన్నింటినీ సైటీస్ రెండో అనుబంధంలో చేర్చారు. వేగిసకు ఆ రక్షణ దక్కలేదు.

కలపతో పాటు బెరడుకు గాటు పెట్టి తీసే ఎర్రటి బంక కోసం, మధుమేహానికి వాడే సంప్రదాయ వైద్యం కోసం వేగిసకు గిరాకీ ఉంది. విస్తృతంగా పెరిగే చెట్టు ఒక్కో అడవి నుంచి తగ్గిపోతున్నా మొత్తం లెక్కల్లో ఆ నష్టం ఆలస్యంగా కనిపిస్తుంది. ఎర్రచందనానికి కాపలా వచ్చింది స్మగ్లింగ్ గొడ్డళ్లు మోగాకే. విత్తన చెట్లను గుర్తించి, గాట్లకు పరిమితి విధించి, నాటడం పెంచితే వేగిస విషయంలో ఆ ఆలస్యాన్ని నివారించవచ్చు.