ఎస్టిమేట్ మీద టాక్స్: ఆ సలహా తప్పు

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లకు ముందొచ్చినవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "ఇండియాలో ఎమ్మార్పీలా ఇక్కడ టాక్స్ ధరలో కలిసి ఉండదు. కాంట్రాక్టర్ చెప్పిన రేటు మీద టాక్స్ వేస్తే కట్టేయడమే." దుకాణంలో కొనే సరుకుకు ఈ మాట సరిపోతుంది. ఇంటి పనికి అంటగడితే మాత్రం శుద్ధ తప్పు. ఈ తప్పుడు మాట నమ్మి జనం కట్టనక్కర్లేని డబ్బు కడుతున్నారు.

ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల నిండా మనవాళ్లే కాబట్టి టెక్సస్ సంగతే చూద్దాం. అక్కడ రాష్ట్ర సేల్స్ టాక్స్ 6.25 శాతం, స్థానిక పన్నులు కలిపినా 8.25 దాటకూడదు. మీరుండే ఇంటికి రిపేరో రీమోడలింగో చేయిస్తూ, సామాను ఇంత, కూలీ ఇంత అని విడదీయకుండా మొత్తానికి ఒకే ధర మాట్లాడుకుంటే అది లంప్‌సమ్ కాంట్రాక్ట్. చట్టం లెక్కలో ఆ టైల్స్, ఆ పెయింట్ వాడకందారు కాంట్రాక్టరే. వాటి మీద టాక్స్ ఆయన కొనేటప్పుడే కడతాడు. మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదు. 12,000 డాలర్లకు ఒప్పుకున్న బాత్రూమ్ పనికి చివరి బిల్లులో 990 డాలర్ల టాక్స్ కనిపిస్తే, ఆ డబ్బు మిమ్మల్ని ప్రభుత్వం అడగలేదు. సామాను, కూలీ విడివిడిగా రాసుకున్న కాంట్రాక్టయితే సామానుకు టాక్స్ ఉంటుంది, కూలీకి ఉండదు.

కాంట్రాక్టర్లంతా మోసగాళ్లని అనడం అన్యాయం. అదే మనిషి ఓ రెస్టారెంట్‌ను బాగుచేస్తే కూలీ మీద కూడా టాక్స్ వసూలు చేయాల్సిందే. లాన్ పనికీ ఉంది. ఆ అలవాటు మీ ఇంటి బిల్లులోకి వచ్చి ఉండొచ్చు. అందుకే అడగాలి.

న్యూజెర్సీలో లెక్క వేరు. ఇంటికి కొత్త రూఫ్ వేయిస్తే అది క్యాపిటల్ ఇంప్రూవ్‌మెంట్. ఎస్‌టీ-8 ఫారం నింపి కాంట్రాక్టర్‌కిస్తే మీ బిల్లులో టాక్స్ రాదు. కారే చోట అతుకు వేయిస్తే కూలీ మీద 6.625 శాతం పడుతుంది.

"టాక్స్ అదనమని అందరికీ తెలిసిందేగా" అంటారా? కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1656.1 సెక్షన్ ఒప్పుకోదు. అమ్మేవాడు ధర మీద సేల్స్ టాక్స్ చేర్చవచ్చా లేదా అన్నది కేవలం ఇద్దరి ఒప్పందాన్ని బట్టే ఉంటుందని అది చెబుతుంది.

ఇక "క్యాష్ ఇస్తే టాక్స్ లేదు" అన్న సలహా ఇంకా ప్రమాదం. క్యాషైనా చెక్కైనా పన్ను ఒకటే. రసీదు లేకుండా డబ్బిచ్చాక టైల్ ఊడితే, ఆ పని కాంట్రాక్టరే చేశాడని చూపడానికి మీ చేతిలో కాగితం కూడా ఉండదు.